అడ్మిరల్ యమమోటో

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఒక దేశపు నౌకాబలాన్ని దాని భారీ యుద్ధనౌకలను బట్టి అంచనా వేసేవారు. 1906లో బ్రిటన్ ‘డ్రెడ్‌నాట్’ అనే నౌకను నౌకాదళంలో చేర్చింది. పది పెద్ద ఫిరంగులు, ఆవిరి టర్బైన్లు, దళసరి ఉక్కు కవచం గల ఆ నౌక ముందు అంతకుముందున్న యుద్ధనౌకలన్నీ వెలవెలబోయాయి. నాటి నుండి అగ్రరాజ్యాలు పోటీపడి ఒకదానిని మించిన నౌకను మరొకటి నిర్మించసాగాయి. ఆ మహానౌకల కాలం చెల్లనున్నదని ముందుగా గ్రహించిన కొద్దిమందిలో జపాన్ సేనాని ఇసొరోకు యమమోటో ఒకడు.

ఆయన 1884 ఏప్రిల్ 4న జపాన్‌లోని నగవోకలో ఒక సమురాయ్ వంశంలో జన్మించాడు. అప్పటికి తండ్రి వయస్సు యాభై ఆరేళ్ళు. జపాన్ భాషలో ఇసొరోకు అనగా యాభై ఆరు అని అర్థం. 1904లో నౌకా విద్యాలయం నుండి పట్టభద్రుడై, మరుసటి ఏడాది రష్యాతో జరిగిన సుషిమా సమరంలో పాల్గొన్నాడు. ఆ సమరంలో ఎడమచేతి వేళ్ళు రెండు కోల్పోయాడు. జపాన్ ఘనవిజయం సాధించింది. పెద్ద ఫిరంగులదే గెలుపు అన్న విశ్వాసం నాటి నుండి ఆ నౌకాదళంలో బలంగా నాటుకుంది.

1916లో యమమోటో కుటుంబానికి దత్తుడై ఆ ఇంటిపేరు పొందాడు. తరువాత అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివాడు. ఆ దేశపు చమురు సంపదను, కర్మాగారాల శక్తిని కళ్ళారా చూశాడు. 1924లో కసుమిగవుర నౌకా వైమానిక శిక్షణ కేంద్రంలో బాధ్యతలు స్వీకరించాడు. 1928లో ‘అకాగి’ అనే విమానవాహక నౌకకు అధిపతి అయ్యాడు. ఫిరంగి గుండు పదుల కిలోమీటర్లు మాత్రమే పోగలదు. విమానం వందల కిలోమీటర్లు పోయి బాంబులు, టార్పెడోలు ప్రయోగించి తిరిగి రాగలదు. ఈ తేడాలోనే భావి యుద్ధాల గతి ఇమిడి ఉన్నదని ఆయన గుర్తించాడు.

అందువల్లనే ‘యమాటో’ నౌకా నిర్మాణాన్ని ఆయన వ్యతిరేకించాడు. ఆ వ్యతిరేకత ఫలించలేదు. 1937లో కురే నౌకాశ్రయంలో ఆ పని రహస్యంగా ఆరంభమైంది. పొడవు 263 మీటర్లు, పూర్తి బరువు సుమారు 72,000 టన్నులు, 46 సెంటీమీటర్ల ఫిరంగులు తొమ్మిది. అంతటి యుద్ధనౌక ప్రపంచంలో అంతకుముందు లేదు.

జర్మనీతో పొత్తును, అమెరికాతో యుద్ధాన్ని కూడా యమమోటో వ్యతిరేకించాడు. అందుకు ఆయనకు ప్రాణహాని బెదిరింపులు వచ్చాయి. 1939లో సంయుక్త నౌకాదళానికి అధిపతి అయ్యాడు. తాను వద్దన్న యుద్ధానికి చివరకు తానే వ్యూహం రచించడం ఆయన జీవితంలోని విషాదం. 1941 డిసెంబర్ 7న ఆరు విమానవాహక నౌకల నుండి లేచిన సుమారు 350 విమానాలు, యుద్ధ ప్రకటన లేకుండానే పెరల్ హార్బర్‌పై విరుచుకుపడ్డాయి. దాదాపు 2,400 మంది అమెరికన్లు మరణించారు. మూడు రోజుల తరువాత మలయా తీరంలో ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ అనే బ్రిటిష్ మహానౌకలను జపాన్ విమానాలే ముంచివేశాయి. మహానౌకలకు రోజులు చెల్లాయని జపానే ఈ విధంగా లోకానికి చాటింది. ఆ వెంటనే డిసెంబర్ 16న యమాటో నౌకాదళంలో చేరింది!

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి కూడా విమానవాహక నౌక నుండి వచ్చిన జపాన్ విమానాలే. అదే ఏడాది జూన్‌లో మిడ్‌వే సమరం జరిగింది. అమెరికన్లు జపాన్ రహస్య సంకేతాలను ముందే ఛేదించారు. యమమోటో తాను కాదన్న యమాటో పైనుండే ఆ సమరాన్ని నడిపాడు. యుద్ధరంగానికి ఎంతో వెనుక ఉన్న ఆ మహానౌక ఏమీ చేయలేకపోయింది. జపాన్ నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకొంది.

1943 ఏప్రిల్ 18న ఆయన ప్రయాణిస్తున్న విమానాన్ని బూగన్‌విల్ దీవిపై అమెరికా యుద్ధవిమానాలు కూల్చివేశాయి. ఆయన రాకను తెలిపే రహస్య సందేశం శత్రువుకు చిక్కడమే అందుకు కారణం. ఆయన చితాభస్మాన్ని యమాటోకు తోడుగా నిర్మించిన ‘ముసాషి’ స్వదేశానికి చేర్చింది. 1944 అక్టోబర్ 24న ముసాషి, 1945 ఏప్రిల్ 7న యమాటో విమానాల దాడిలోనే మునిగిపోయాయి. యమాటోతో పాటు సుమారు 3,000 మంది నావికులు జలసమాధి అయ్యారు. 1992లో అమెరికా ‘మిస్సోరి’ నౌకను సేవల నుండి విరమించడంతో భారీ యుద్ధనౌకల యుగం ముగిసింది.

రాబోయే మార్పును గుర్తించగల దృష్టి యమమోటోకు ఉంది. కానీ తప్పని తెలిసిన మార్గం నుండి దేశాన్ని మరల్చలేకపోయాడు. చివరకు తానే ఆ మార్గాన దానిని నడిపించాడు. ఆ దారిలో అసువులు బాసిన అసంఖ్యాకులలో ఆయనా ఒకడయ్యాడు.