విత్తువాడు ఏ నేలను విడువలేదు

ధ్యానమునకు: మత్తయి 13:1-9, 1 కొరింథీ 1:26-29



మన ప్రభువు చెప్పిన ఉపమానములో విత్తువాడు ఒకడే, విత్తనములును ఒకటే. నేలలు మాత్రము నాలుగు విధములు. ఈ సంగతిని ఒంగోలు ప్రాంతమున కన్నులార చూచిన దైవజనుడు డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

ఆయన 1836లో అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున భూముల సర్వే పని నేర్చెను. అప్పటికి ఆయన విశ్వాసి కాడు. కళాశాలలో చదువుకొను దినములలో తన గదిలో నుండు విద్యార్థి ప్రార్థించుట ఇష్టము లేక, గది మధ్య సుద్దతో గీత గీసి, ప్రార్థన ఆవలి వైపుననే జరుగవలెనని చెప్పెను. గీత గీసినవాడే కొంతకాలమునకు ప్రభువును అంగీకరించెను. రాతినేల యని తోచినది మంచినేల యాయెను.

1854 జనవరి 1న జెవెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు కొండనెక్కి, ఆ ప్రాంతమునకు సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. 1865లో నెల్లూరు చేరిన క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురముండిరి. పట్టణములోని బ్రాహ్మణ కుటుంబములవారు ఆయనను ఆదరించి తమ పిల్లలను ఆయన బడికి పంపిరి. ఆ సంవత్సరమే మాదిగ కులస్థుడును, తోళ్ల వర్తకుడును, చిరకాలము సత్యమును వెదకినవాడునైన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది, తనవారికి సువార్త చెప్పసాగెను. వారు గుంపులుగా రాగా, వీరిని చేర్చుకొనినయెడల మా పిల్లలను మానిపించెదమని పట్టణపు పెద్దలు తెలియజేసిరి.

దొరగారికి గొప్ప సంకటము కలిగెను. ఆయనయు ఆయన భార్యయు వేర్వేరుగా వాక్యము తెరచి చూడగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన ఆ వచనములే కనబడెను. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనునని గ్రహించి, ఆయన పేదలను చేర్చుకొనెను. బడి ఖాళీయైపోయెను.

విశ్వసించినవారికిని శ్రమలు తప్పలేదు. ఆదివారము పని చేయమనియు, చచ్చిన పశువుల మాంసము తినమనియు, విగ్రహములను పూజింపమనియు వారు తీర్మానించుకొనగా, కొన్ని ఊళ్లలో వారికి పని లేకుండ చేసిరి, నీళ్లకు అడ్డుపడిరి. అయినను అనేకులు నిలిచిరి.

1876-78 సంవత్సరములలో ఘోరమైన కరవు వచ్చెను. దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి దొరకజేసెను. బోధకులే మేస్త్రీలై పనివారికి వాక్యము చెప్పిరి. అనేకులు బాప్తిస్మము అడిగినను, తిండి కొరకు వచ్చుచున్నారేమోయని ఆయన సంవత్సరమునకు పైగా ఎవరికిని ఇయ్యలేదు. పని ముగిసి, ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థనకును ఈ పంటకును మధ్య 24 ఏండ్లు గడచెను.

తరువాతి కాలమున ఒంగోలు మిషను ఉన్నత పాఠశాలలో పైకులముల పిల్లలును చదువుకొనిరి. కాదని వెళ్లినవారికి తలుపు మూయబడలేదు. దొరగారు 1910లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, మన ఊరిలోను ఒకడు వినును, ఒకడు నవ్వును, ఒకడు కోతలైన తరువాత రమ్మనును, ఒకడు నాకేమి లాభమని అడుగును. ఎవరి నేల ఎట్టిదో తీర్పు తీర్చుట మన పని కాదు. గొప్పవారి మెప్పు కొరకు పేదవానిని విడువవద్దు. ఆశ చూపి ఎవనిని పిలువవద్దు. కాదన్నవానిని దూషింపక, పొరుగువానిగా ప్రేమించి, అతని కొరకు ప్రార్థించుడి. విత్తుట మన వంతు, మొలిపించువాడు దేవుడు. ఆమేన్.