పరుగుల వీరుడు గ్లెన్ కన్నింగ్‌హామ్

మానవునకు ఆపద కలుగుట వింత కాదు. ఆపద కలిగినపుడు మిగిలిన శక్తిని కాపాడుకొని, పోయిన శక్తిని ఓర్పుతో మరల కూడబెట్టుకొనుటయే గొప్ప. అమెరికా దేశపు పరుగుల వీరుడగు గ్లెన్ కన్నింగ్‌హామ్ జీవితము ఇందుకు చక్కని నిదర్శనము.

గ్లెన్ 1909వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన కాన్సాస్ రాష్ట్రమున జన్మించెను. అతనికి ఏడెనిమిదేండ్ల ప్రాయమున, 1917వ సంవత్సరమున, ఘోరమైన ప్రమాదము సంభవించెను. బడిలో చలి పోగొట్టుటకు పొయ్యి రాజవేయుచుండిరి. కిరసనాయిలు ఉండవలసిన డబ్బాలో ఎవరో పొరపాటున పెట్రోలు పోసి యుంచిరి. రెప్పపాటులో మంటలు గది నంతయు క్రమ్మెను. అన్నయగు ఫ్లాయిడ్ ఆ ప్రమాదమునకు బలి యయ్యెను. గ్లెన్ ప్రాణములతో బయటపడెను గాని, అతని మోకాళ్లమీదను ముంగాళ్లమీదను మాంసము కాలిపోయెను. ఎడమ పాదమునకు ఒక్క వ్రేలైనను మిగులలేదు.

రెండు కాళ్లును తీసివేయుట మేలని వైద్యులు తలంచిరి. ఆ మాట విని బాలుడు తల్లడిల్లిపోయెను. తల్లిదండ్రులు అందుకు సమ్మతింపలేదు. కాళ్లు నిలిచెను; కాని అతడు మరల మామూలుగా నడువగలడన్న ఆశ వైద్యులకు లేకుండెను.

తరువాతి కథ ఒక్కనాటి అద్భుతము కాదు. అనేక దినముల చిన్న చిన్న సాధనల కథ. కాలిన చోట చర్మము బిగిసి, కండరములు ముడుచుకొనిపోయెను. తల్లిదండ్రులు ఆ కాళ్లను నిత్యము మర్దన చేయుచుండిరి. ప్రమాదము జరిగిన దాదాపు రెండేండ్లకు, 1919వ సంవత్సరపు వేసవిలో, గ్లెన్ తొలిసారిగా నడువ యత్నించెను. ఇంటి కంచెను పట్టుకొని, కాళ్లీడ్చుకొనుచు, ఒక్కొక్క అడుగే ముందునకు సాగెను. వింత యేమన, కొంత బలము చేకూరిన పిమ్మట, నడుచునప్పటికంటె పరుగెత్తునపుడే అతనికి నొప్పి తక్కువగా తోచెను. అందుచేత అతడు ఎచ్చటికైనను పరుగెత్తియే పోవుచుండెను.

అట్టి బాలుడు పెరిగి పెద్దవాడై 1932వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పరుగున నాలుగవ స్థానము పొందెను. 1934వ సంవత్సరమున మైలు దూరమును 4 నిమిషముల 6.8 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1936వ సంవత్సరమున బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పరుగున రజత పతకము గెలిచెను.

ప్రేక్షకులు చూచినది ఆ నాలుగు నిమిషముల పరుగు మాత్రమే. గాయపడిన ఆ కాళ్లలో రక్తప్రసరణ చాలకుండుటచే, ప్రతి పందెమునకు ముందు అతడు చాలసేపు మర్దన చేయించుకొని, మెల్లమెల్లగా కాళ్లను వేడెక్కించుకొనవలసి వచ్చెడిది. ఎంత ప్రసిద్ధి వచ్చినను అతడు ఆ శ్రమను విడువలేదు.

బాలబాలికలారా! ఆటలలో కాలికి దెబ్బ తగిలినపుడు మీరు రెండు తప్పులు చేయవచ్చును. నొప్పిని లెక్కింపక వెంటనే పరుగెత్తుట మొదటిది; దానివలన గాయము ముదురును. ఆట పోయినదని అంతయు మానివేసి ఊరక కూర్చుండుట రెండవది. దానివలన కండరములు క్షీణించును, దమ్ము తగ్గును. ఈ రెంటికి నడిమి మార్గ మొకటి కలదు. నేటి వైద్యులు పరుగువారికి కాలు బాగుపడులోపల ఈతనో, సైకిలు తొక్కుటనో సూచించుట కలదు. ఈతలో నీరు, సైకిలుమీద పీట, శరీరపు బరువును మోయును. కాలిమీద భారము తగ్గును. గుండెకును ఊపిరితిత్తులకును మాత్రము పని తప్పదు. అయితే ఏది, ఎప్పుడు, ఎంత చేయవలెనో వైద్యుని అడిగియే చేయవలెను.

కన్నింగ్‌హామ్ 1938వ సంవత్సరమున న్యూయార్కు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. అనంతరము భార్యతో కలిసి, కష్టములలో నున్న బాలబాలికలకు తమ పశువుల క్షేత్రమున ఆశ్రయ మిచ్చెను. వేలకొలది పిల్లలు అచ్చట ఆదరణ పొందిరి. 1988వ సంవత్సరము మార్చి 10వ తేదీన అతడు పరమపదించెను. అతని పతకము అందరికిని లభింపదు. కాని కంచె పట్టుకొని వేసిన అతని మొదటి అడుగు, ఓర్పు గల ఎవరికైనను సాధ్యమే.