నల్లమల రాళ్ల పుట్టుక వెదికిన కింగ్ దొర

దర్శి: 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి పలుమార్లు స్వల్పంగా కంపించగా జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి పరుగులు తీశారు. పెద్దలు 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో వచ్చిన భూకంపాన్ని తలచుకున్నారు. మన కాళ్ల కింద ఏముందో నూట నలభై ఏళ్లకు ముందే వెదికిన వ్యక్తి విలియం కింగ్.

కింగ్ తండ్రి ఐర్లండులోని గాల్వేలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. కొడుకు కూడా అదే విద్య నేర్చి, 1850ల చివర భారత భూగర్భ సర్వే శాఖ ఉద్యోగిగా మద్రాసు రాజధానికి వచ్చారు. మన వైపు రైలు లేని ఆ రోజుల్లో కడప, కర్నూలు కొండలు తిరిగి 1872లో గ్రంథం ప్రకటించారు. రాతి పొరలకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని మన ఏళ్ల పేర్లు, కొండల పేర్లే పెట్టారు. 1880లో నెల్లూరు జిల్లా రాళ్లపై మరో గ్రంథం వెలువడింది. దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే.

కడప వైపు రాతి పొరలు చాప పరచినట్లు ఉంటాయి. తూర్పుకు వచ్చేకొద్దీ అవి మడతలు పడి, నలిగి కనిపిస్తాయి. చాపను ఒక అంచున పట్టి నెడితే మడతలు లేచినట్లే ఇదీ. కింగ్ పటాలు ముందుంచుకుని తర్వాతి శాస్త్రజ్ఞులు కారణం తేల్చారు. కోట్ల ఏళ్ల క్రితం తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నేల పగిలింది. ఆ పగులు వెంట మన వైపు పాత రాయి పైకి జరిగి, పడమటి కొత్త పొరల మీదికి ఎక్కింది. కింద ఉండవలసింది పైకి వచ్చింది. బడిపిల్లలు రాసుకున్న మార్కాపురం పలక కూడా అలా నలిగిన బురద పొరల రాయే.

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించినదీ కింగే. 1889లో అక్కడ తవ్వకం మొదలై సింగరేణి గనులకు నాంది అయింది. 1887 నుంచి 1894 వరకు ఆయన సర్వే శాఖకు అధిపతిగా పనిచేశారు.

పాత పగుళ్లున్న నేలలో ఒత్తిడి పేరుకుంటే రాయి కాస్త జారుతుంది, భూమి అదురుతుంది. అది ఏ రోజో ముందుగా చెప్పగలవారు లేరు. పుకార్లు నమ్మి భయపడేకంటే, గట్టి పునాది వేసి ఇల్లు కట్టుకోవడం మేలు.