గోపాలకృష్ణ గోఖలే

మహారాష్ట్రమున రత్నగిరి జిల్లాలోని కొట్లూకు గ్రామమున 1866వ సంవత్సరము మే 9వ తేదీన గోపాలకృష్ణ గోఖలే జన్మించిరి. వారి పదుమూడవ యేట తండ్రి గతించెను. అన్న గోవిందుడు తన చదువు మానుకొని నెలకు 15 రూపాయల కొలువులో చేరి, అందులో 8 రూపాయలు తమ్ముని చదువునకై పంపుచుండెను. చదువునకు వెల గలదనియు, దానిని ఎవరో ఒకరు చెల్లింపవలసినదే యనియు గోఖలే బాల్యముననే యెరిగిరి.

1884లో పట్టభద్రులై, పూనాలో అధ్యాపకులై, నెలకు 75 రూపాయలకు మించని జీతముతో దాదాపు ఇరువది యేండ్లు బోధించి, 1902లో 30 రూపాయల పింఛనుతో విరమించిరి. ఆ యేడే రాజప్రతినిధి శాసనసభలో తొలి బడ్జెటు చర్చయందు ఉప్పు పన్నును గట్టిగా ఖండించిరి. 1907 నాటికి ఆ పన్ను సగమునకంటె తక్కువకు దిగెను.

పేదలపై పన్ను తగ్గింపుమని వాదించిన ఈయనయే 1911 మార్చి 16న క్రొత్త పన్నునకు దారితీయు బిల్లును తెచ్చుట వింతగా తోచవచ్చును. కాని దేశమున అక్షరాస్యులు నూటికి ఆర్గురు మాత్రమే యైన దినములవి. బరోడా సంస్థానమున సయాజీరావు గాయక్వాడు 1906లోనే నిర్బంధ ప్రాథమిక విద్యను సంస్థానమంతట వ్యాపింపజేసి యుండిరి. బ్రిటిషు ఇండియాలో మాత్రము ధనము లేదను మాటయే వినవచ్చుచుండెను.

గోఖలే బిల్లు మిక్కిలి జంకుతో అడుగు వేసినది. బాలురు కొంత నిష్పత్తికి తక్కువ గాకుండ అప్పటికే బడికి పోవుచున్న చోటనే, పురపాలక సంఘమో జిల్లా బోర్డో తాను కోరుకొని, ప్రభుత్వానుమతి బడసి, ఆరు మొదలు పది యేండ్ల బాలురకు విద్యను నిర్బంధము చేయవచ్చును. అందులకై విద్యాపన్ను విధింపవచ్చును. నెలకు పది రూపాయలకు మించని రాబడి గల తండ్రి బిడ్డలకు ఫీజు లేదు. ఖర్చులో మూడవ వంతు స్థానిక సంస్థ, రెండు వంతులు ప్రభుత్వము భరింపవలెనని వారి యాశయము. ఆ రెండు వంతుల మాటయే దొరతనమునకు కంటగింపయ్యెను. రాష్ట్ర ప్రభుత్వములు ప్రతికూలించెను. పన్ను పేరు వినిన స్వదేశీయులలోను కొందరు వెనుకాడిరి. పొలము పనులకు పిల్లలు దొరకరను భయమును లేకపోలేదు. సభలో ప్రభుత్వోద్యోగులదే ఆధిక్యము.

1912 మార్చి 19న బిల్లునకు అనుకూలముగా 13, ప్రతికూలముగా 38 వోట్లు వచ్చెను. ఓటమి తప్పదని గోఖలే యెరిగియే యుండిరి, అయినను నిష్ఠురమాడలేదు. 1915 ఫిబ్రవరి 19న, నలువది యెనిమిదవ యేట, పూనాలో కాలధర్మము నొందిరి.

మూడేండ్లకు విఠల్ భాయి పటేలు యత్నమున బొంబాయి పురపాలక సంఘములకు అట్టి చట్టమే లభించెను. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము విద్యాపన్ను విధించు అధికారమును ఆంధ్ర జిల్లాల స్థానిక సంస్థలకును ఒసగెను. 1948లో ఆ రాష్ట్రముననే గ్రంథాలయ చట్టము వచ్చినప్పుడు, ఇంటిపన్నుపై రూపాయికి అర్ధణా చొప్పున గ్రంథాలయపు పన్ను చేరెను.