జోసెఫ్ పెట్స్‌వాల్

జోసెఫ్ మాక్సిమిలియన్ పెట్స్‌వాల్ (జనవరి 6, 1807 - సెప్టెంబరు 17, 1891) గణిత శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త, ఆవిష్కర్త. మనుషుల చిత్రాలు (పోర్ట్రెయిట్లు) తీయడానికి ప్రత్యేకంగా, గణిత గణనల ఆధారంగా రూపొందిన తొలి కెమెరా కటకం (లెన్సు) ఈయన కృషి ఫలితమే. 1840లో తయారైన ఈ కటకం వలన నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన అవస్థ తగ్గింది. స్టూడియో ఫోటోగ్రఫీ ఒక వృత్తిగా నిలదొక్కుకొంది. అయితే ఆ వృత్తి గడించిన సంపదలో ఈయనకు దక్కిన భాగం మాత్రం అత్యల్పం.

బాల్యం, విద్యాభ్యాసం

పెట్స్‌వాల్ అప్పటి హంగేరీ రాజ్యంలోని స్పిష్‌స్కా బెలా పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం స్లొవేకియా దేశంలో ఉంది. తండ్రి బడిపంతులు. చిన్నతనంలో ఈయన లెక్కలలో వెనుకబడి ఉండేవాడనీ, తల్లిదండ్రులు చెప్పులు కుట్టే వృత్తిలో పెట్టాలని అనుకొంటున్న సమయంలో ఒక వేసవి సెలవులలో గణిత గ్రంథమొకటి స్వయంగా చదివి ఆ విషయంలో పట్టు సాధించాడనీ ఒక కథనం ప్రచారంలో ఉంది. 1826లో పెస్ట్ నగరంలో ఇంజనీరింగు విద్యకు చేరి, 1828లో పట్టా పొందాడు. ఆ తరువాత అదే నగరంలో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ ఉన్నత విద్య కొనసాగించి, 1832లో డాక్టరేటు సంపాదించాడు. 1835లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1837లో వియన్నా విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్ర ఆచార్య పదవి చేపట్టి, శేషజీవితమంతా ఆ నగరంలోనే గడిపాడు.

కొత్త కటకం అవసరం

1839 ఆగస్టులో ఫ్రాన్సులో లూయీ డాగెర్ కనిపెట్టిన ఫోటోగ్రఫీ పద్ధతి (డాగెరోటైపు) వివరాలు వెల్లడి చేయబడ్డాయి. అప్పటి కెమెరాలలో వాడిన షెవాలియే కటకం కొండలు, భవనాలు వంటి కదలని దృశ్యాలకు సరిపోయేది. కాని దాని ద్వారం (అపర్చర్) చాలా చిన్నది. ద్వారపు వ్యాసం నాభ్యంతరంలో సుమారు 15వ వంతు మాత్రమే ఉండటం వలన పలకపై తగినంత కాంతి పడటానికి ఎన్నో నిమిషాలు పట్టేది. అంతసేపు ఎండలో రెప్ప వేయకుండా కూర్చోవడం మనిషికి సాధ్యం కాదు. అందుచేత తొలినాటి ముఖాలు చెదిరిపోయి గాని, బిగుసుకుపోయి గాని కనిపించేవి.

పారిస్‌లో ఈ పద్ధతిని చూసి వచ్చిన వియన్నా భౌతిక శాస్త్రవేత్త ఆండ్రియాస్ ఫన్ ఎటింగ్స్‌హౌజెన్, ఎక్కువ కాంతిని గ్రహించే కటకాన్ని రూపొందించవలసిందిగా పెట్స్‌వాల్‌ను ప్రోత్సహించాడు. అప్పటివరకు కటకాల తయారీదారులు ఎక్కువగా అనుభవం మీద, ప్రయత్నించి సరిదిద్దుకొనే పద్ధతి మీద ఆధారపడేవారు. పెట్స్‌వాల్ ఆ దారి విడిచి, కాంతి కిరణాల మార్గాన్ని ముందుగా కాగితంపై లెక్కించాడు. ఈ లెక్కలు అపారమైనవి. ఆస్ట్రియా రాజకుటుంబీకుడు, ఫిరంగి దళాధిపతి అయిన ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ తన దళంలో గణనలో ఆరితేరిన కొందరు సైనికులను ఈయనకు సహాయకులుగా పంపాడు. ఫిరంగి గురి లెక్కకట్టడానికి శిక్షణ పొందినవారు ఆ విధంగా కెమెరా కటకపు లెక్కలు కట్టారు.

కటక నిర్మాణం

1840లో పూర్తయిన ఈ అమరికలో నాలుగు కటకాలు, రెండు జంటలుగా ఉంటాయి. ముందరి జంట ఒకదానికొకటి అతికించబడి ఉండగా, వెనుక జంట మధ్య కొద్దిపాటి గాలి ఖాళీ ఉంటుంది. నాభ్యంతరం సుమారు 150 మిల్లీమీటర్లు. ద్వారం నాభ్యంతరంలో 3.6వ వంతు, అనగా సుమారు 42 మిల్లీమీటర్లు. పాత కటకంతో పోలిస్తే ఇది సుమారు 16 రెట్లు ఎక్కువ కాంతిని పలకపైకి పంపింది. అనుకూలమైన వెలుతురులో ఒక నిమిషం కంటే తక్కువ వ్యవధిలోనే మనిషి చిత్రం తీయడం సాధ్యమయింది.

వియన్నాలోని ఫోక్ట్‌లెండర్ సంస్థ ఈ కటకాన్ని తయారుచేసి, 1841లో దానితో కూడిన ఇత్తడి కెమెరాను విక్రయానికి పెట్టింది. కొద్ది సంవత్సరాలలోనే యూరప్, అమెరికాలలోని స్టూడియోలలో ఈ తరహా కటకాలు సాధారణమయ్యాయి.

దోషమే గుణం

పెట్స్‌వాల్ కటకంలో చిత్రం మధ్యభాగం ఎంతో స్పష్టంగా ఉంటుంది. అంచులకు వెళ్ళేకొద్దీ స్పష్టత తగ్గుతుంది. కటకం ఏర్పరచే ప్రతిబింబం చదునైన తలంపై కాక వంపు తిరిగిన తలంపై ఏర్పడటం దీనికి ఒక కారణం. ఈ వంపు లోపాన్ని లెక్కించే సూత్రం కూడా పెట్స్‌వాల్‌దే. కాంతిశాస్త్రంలో దీనిని నేటికీ పెట్స్‌వాల్ మొత్తం అని వ్యవహరిస్తారు. తన పరిశోధన ఫలితాలను ఈయన 1843లో ప్రచురించాడు.

ప్రకృతి దృశ్యాలకు లోపమైన ఈ లక్షణమే పోర్ట్రెయిట్లకు శోభనిచ్చింది. మధ్యలో ఉన్న ముఖం తేటగా నిలిచి, భుజాలు, వెనుక తెర మెత్తగా కరిగిపోయినట్లు కనిపిస్తాయి. వెనుక ఆకులు, కొమ్మలు ఉన్నచో అవి సుడి తిరిగినట్లు అగుపించడం కూడా కద్దు. కలకత్తాలో జన్మించిన ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ 1864లో ఇంగ్లండులో తీసిన తొలి చిత్రాలకు ఈ తరహా కటకాన్నే వాడింది.

స్టూడియోలో వాడే విధానం

ఈ కటకాలలో అన్నీ చేతితోనే సరిచేసుకోవాలి. కెమెరా వెనుక గరుకు గాజుపై తలక్రిందులుగా పడే ప్రతిబింబాన్ని నల్లగుడ్డ కప్పుకొని చూస్తూ, ఇత్తడి గొట్టం ప్రక్కనున్న మరను త్రిప్పి ఫోకస్ చేసేవారు. తొలినాళ్ళలో షట్టరు ఉండేది కాదు. కటకంపై మూత తీసి, క్షణాలు లెక్కించి, తిరిగి మూత పెట్టేవారు. కూర్చున్నవారి తల కదలకుండా వెనుక ఒక ఊత అమర్చేవారు. 1858లో జాన్ వాటర్‌హౌస్ ప్రవేశపెట్టిన రంధ్రపు రేకులను గొట్టంలోని చీలికలో దించి కాంతిని తగ్గించే వీలు ఆ తరువాత కలిగింది.

ద్వారం పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. కంటిపై ఫోకస్ చేస్తే చెవి మసకబారుతుంది. అందుచేత కంటినే గురిగా పెట్టుకోవడం, ముఖాన్ని చిత్రం అంచుకు జరగనీయకపోవడం వాడుకరి పాటించవలసిన ముఖ్య నియమాలు. చిన్న రంధ్రం గల రేకు వాడితే స్పష్టత పెరుగుతుంది, కాని మెత్తదనం, సుడి తగ్గిపోతాయి.

వివాదాలు, నష్టాలు

ఈ ఆవిష్కరణకు ప్రతిఫలంగా ఫోక్ట్‌లెండర్ పెట్స్‌వాల్‌కు ఒకేసారి 2,000 గుల్డెన్లు మాత్రమే చెల్లించాడు. తగిన పేటెంటు రక్షణ లేనందున ఇతర తయారీదారులు కూడా ఈ అమరికను స్వేచ్ఛగా అనుకరించారు. క్రమంగా ఇద్దరి మధ్య స్పర్థ ఏర్పడింది. 1849లో ఫోక్ట్‌లెండర్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కర్మాగారం స్థాపించి ఉత్పత్తి కొనసాగించాడు. పెట్స్‌వాల్ తరువాతి కాలంలో డీట్స్‌లర్ అనే తయారీదారుతో కలిసి పనిచేసినప్పటికీ ఆ సంస్థ నిలబడలేదు.

1859లో పెట్స్‌వాల్ ఇంట్లో దొంగలు పడ్డారు. ఎన్నో ఏళ్ళ శ్రమతో వ్రాసుకున్న కాంతిశాస్త్ర వ్రాతప్రతులు ఆ సంఘటనలో నాశనమయ్యాయి. ఆ తరువాత ఈయన కాంతిశాస్త్రానికి క్రమంగా దూరమై, ధ్వనిశాస్త్రం వైపు మళ్ళాడు.

శాస్త్ర విషయాలలో ఈయన అంచనా అన్నివేళలా సరికాలేదు. 1852లో క్రిస్టియన్ డాప్లర్ సిద్ధాంతాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. కాని కాలక్రమంలో డాప్లర్ సిద్ధాంతమే నిలిచింది.

చివరి రోజులు

కత్తిసాము, గుర్రపుస్వారీలలో నేర్పరియైన పెట్స్‌వాల్ వియన్నా వెలుపల కాలెన్‌బెర్గ్ కొండపై చాలాకాలం నివసించాడు. 1869లో వివాహం చేసుకొన్నాడు గాని, భార్య నాలుగేళ్ళకే మరణించింది. 1877లో పదవీ విరమణ చేసి, ఏకాంత జీవితం గడిపి, 1891లో వియన్నాలో మరణించాడు.

ప్రభావం

పెట్స్‌వాల్ అమరిక కెమెరాలకే పరిమితం కాలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో సినిమా ప్రొజెక్టరు కటకాలు అనేకం దీనిని అనుసరించే తయారయ్యాయి. 2013లో ఈ అమరికతో ఆధునిక కెమెరాలకు సరిపడే కటకం ప్రజల నుండి సేకరించిన నిధులతో తిరిగి తయారయింది. చంద్రుని ఆవలి వైపునున్న ఒక బిలానికి ఈయన పేరు పెట్టారు. స్పిష్‌స్కా బెలాలో ఈయన జన్మించిన ఇంటిని మ్యూజియంగా మార్చారు.