చైతన్యరథం నుంచి అన్నెపర్తి దాకా: హరికృష్ణ జీవితం మీ సీటు బెల్టు గురించి ఏం చెబుతోంది?

మోతీనగర్ నుంచి ఫిలింనగర్‌కు కారులో బయలుదేరారా? దగ్గరే కదా అని సీటు బెల్టు పెట్టుకోలేదా? అయితే నందమూరి హరికృష్ణ జీవితాన్ని మీరు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఎన్టీఆర్ కుమారుడైన హరికృష్ణ 1956 సెప్టెంబరు 2న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. ‘శ్రీకృష్ణావతారం’ (1967)తో బాలనటుడయ్యారు. 1982లో తండ్రి పార్టీ పెట్టాక చైతన్యరథం స్టీరింగ్ పట్టుకున్నారు. పాత షెవర్లే వ్యానును మార్చి తయారుచేసిన ఆ బండిని రాష్ట్రమంతా నడిపారు. అప్పట్లో మన కార్లకు సీటు బెల్టు తప్పనిసరి కాదు. ఎయిర్‌బ్యాగుల ఊసే లేదు. భద్రత అంటే డ్రైవరు జాగ్రత్త ఒక్కటే.

ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి అయింది 1990ల్లో. అదే దశాబ్దంలో హరికృష్ణ ఉమ్మడి రాష్ట్రానికి రవాణా మంత్రి అయ్యారు. తర్వాత ‘సీతయ్య’ (2003) వంటి సినిమాల్లో హీరోగా మెప్పించారు. రాజ్యసభకూ వెళ్లారు. 2014 డిసెంబరులో పెద్ద కొడుకు జానకిరామ్‌ను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్నారు.

2018 ఆగస్టు 29న నెల్లూరు జిల్లాలో ఓ పెళ్లికి తానే ఫార్చ్యూనర్ నడుపుతూ వెళ్లారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు డివైడర్‌ను ఢీకొని పల్టీ కొట్టింది. ఆయన బెల్టు పెట్టుకోలేదని, కారులోంచి బయట పడిపోయారని పోలీసులు తెలిపారు. మరో నాలుగు రోజుల్లో 62వ పుట్టినరోజు ఉందనగా కన్నుమూశారు.

ఆ తర్వాత ఏం మారింది?

• 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లలో బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం తప్పనిసరి.

• 2019 మోటారు వాహనాల సవరణ చట్టం బెల్టు లేకపోతే రూ.1,000 జరిమానా పెట్టింది.

• 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. కారును 64 కి.మీ. వేగంతో ఢీకొట్టించి చూస్తారు. పరీక్షల ఫలితాన్ని బట్టి 5 దాకా స్టార్లు ఇస్తారు.

అయితే ఒక సంగతి మరవకండి. ఆ పరీక్షలో కారులో కూర్చోబెట్టే బొమ్మలకు బెల్టు పెట్టే ఉంటుంది. మీరు బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్ల లెక్క మీకు వర్తించదు. ఎయిర్‌బ్యాగు కూడా బెల్టుకు తోడే తప్ప, దానికి బదులు కాదు. వెనుక సీట్లో కూర్చున్నా ఇదే మాట.

హరికృష్ణ అంత్యక్రియలు జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. జీవితమంతా స్టీరింగ్‌తో ముడిపడిన మనిషి ఆయన. చేయి తిరిగిన డ్రైవరుకైనా బెల్టు కావాల్సిందే. కారు కదిలేలోపే పెట్టుకోండి.