నివ్వరిని గుర్తించిన రాక్స్‌బర్గ్

ప్రాచీన కావ్యాలలోని ఆశ్రమ వర్ణనలలో మునుల ఆహారంగా నీవార ధాన్యం కనిపిస్తుంది. దీనినే తెలుగువారు నివ్వరి అన్నారు. ఎవరూ విత్తకపోయినా చెరువుల అంచులలో తనంతట తానే మొలిచే అడవి వరి ఇది. కావ్యాలలో నిలిచిన ఈ మొక్కను మన ప్రాంతంలో చూసి, దాని వివరాలను శాస్త్రలోకానికి అందించినవారు విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండులో జన్మించారు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరారు. 1781 ప్రాంతంలో సామర్లకోటకు వచ్చి, అక్కడ ఒక తోటను పెంచి, మిరియాలు, నీలి, చెరకు మొదలైన పంటలపై ప్రయోగాలు చేశారు. 1787 నాటి ఉప్పెనలో తన సేకరణలను కోల్పోయినా నిరాశ చెందక, పనిని తిరిగి ప్రారంభించారు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు ప్రజలు వాడే పేర్లను తెలుసుకొని వ్రాసుకున్నారు. ఆ కృషి ఫలితంగా 300 చిత్రాలతో కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది.

ఉత్తర సర్కారులలో సరస్సుల చుట్టూ నివ్వరి విరివిగా పెరుగుతున్నదని రాక్స్‌బర్గ్ గమనించారు. దాని గింజ తెల్లగా, రుచిగా ఉంటుందని, సంపన్నులు దానిని ఇష్టపడతారని, దిగుబడి తక్కువ కావడంచేత ఎవరూ సాగుచేయరని నమోదు చేశారు. తీరప్రాంతపు కరవులను ఎరిగిన ఆయన, కష్టకాలంలో పేదలను ఆదుకోగల ఆహారపు చెట్లను నాటించాలని కంపెనీకి సూచించారు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతియై, 1813లో స్వదేశానికి మరలి, 1815లో ఎడిన్‌బరోలో మరణించారు.

పరదేశపు మొక్కలను తెచ్చి నాటడం మేలే చేస్తుందని ఆ కాలపు శాస్త్రజ్ఞుల నమ్మకం. రాక్స్‌బర్గ్ కూడా అట్లే భావించారు. అయితే దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్క 19వ శతాబ్ది చివర బెంగాలుకు చేరి, క్రమంగా దేశమంతటా వ్యాపించింది. అది నీటిపై దట్టంగా అల్లుకొని, అడుగున ఉన్న జీవరాశికి వెలుతురును, ప్రాణవాయువును అందనీయదు. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరును సైతం అది విడిచిపెట్టలేదు. చెరువుల ఆక్రమణ కూడా తోడై, నివ్వరి వంటి మొక్కలకు నిలువ నీడ తగ్గుతున్నది.

సాగుచేయని ఈ గడ్డిని కాపాడడం ఎందుకన్న సందేహం కలుగవచ్చు. వరిని గిడసబార్చే ఒక వైరస్ తెగులు ఆసియా రైతులను బాధించినపుడు, శాస్త్రజ్ఞులు వేలాది రకాలను పరీక్షించారు. దానిని తట్టుకొనే శక్తి ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక నివ్వరి రకంలో లభించింది. ఆ గుణమే ఐ.ఆర్. 36 వంటి వంగడాలకు రక్షణ అయినది. రాక్స్‌బర్గ్ నివ్వరి వివరాలను గ్రంథంలో భద్రపరచారు. దాని విత్తనాన్ని, అది మొలిచే చెరువును భద్రపరచవలసిన బాధ్యత మనది.